చేయి తిరిగిన కిక్ రిటర్నర్ కోసం వేట

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎదుటి జట్టు తన్నిన బంతిని అందుకుని, చంకన బిగించి, తన్నినవాళ్ళ వైపే పరుగు తీసే ఆటగాడిని కిక్ రిటర్నర్ అంటారు. మన ఊళ్ళలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు. దాన్ని అమెరికాలో సాకర్ అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కోలగా ఉంటుంది, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. ఎక్కువసేపు అది చేతుల్లోనే తిరుగుతుంది. కాలితో తన్నే సందర్భాలు తక్కువ. ఆ తక్కువలో రెండు సందర్భాలు రిటర్నర్‌వి: ఒకటి కిక్‌ఆఫ్, రెండోది పంట్.

అమెరికాలో ఈ ఆటకు అత్యున్నత వేదిక నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. అందులో 32 జట్లు. ప్రతి జట్టూ సెప్టెంబరులో తన రిటర్నర్ ఎవరో తేల్చుకునే బరిలోకి దిగుతుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి కొన్ని జట్లు మళ్ళీ వెతుకులాట మొదలుపెడతాయి. ఉన్నవాడి మోకాలు దెబ్బతింటుంది, లేదా కుర్రవాడు వరుసగా రెండు వారాలు బంతి జారవిడుస్తాడు. అప్పుడు కావలసింది ఈ పని ఏళ్ళ తరబడి చేసినవాడు. అలాంటివాణ్ణి ఎలా గుర్తిస్తారు, ఎక్కడ వెతుకుతారు, దొరికితే ఏమవుతుంది, దొరక్కపోతే ఏమవుతుంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

పని స్వభావం

మైదానం పొడవు 100 గజాలు. రెండు చివరలా పదేసి గజాల ఎండ్ జోన్‌లు ఉంటాయి. వెడల్పు 53 గజాల పైచిలుకు. ఆట మొదట్లో, రెండో సగం మొదట్లో, ఎవరైనా పాయింట్లు సాధించిన తరవాత ఒక జట్టు బంతిని నేలమీద నిలబెట్టి రెండో జట్టుకు తన్నుతుంది. అది కిక్‌ఆఫ్. ఇక నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోలేమని తోచిన జట్టు, నాలుగో ప్రయత్నంలో బంతిని చేతిలోంచి వదిలి గాల్లోకి ఎత్తి తన్నేస్తుంది. అది పంట్. ఈ రెండిటికీ అవతలి కొసన ఒంటరిగా నిలబడి ఎదురుచూసేవాడే రిటర్నర్.

అతని ముందున్న దారులు కొన్నే. బంతి పట్టి పరుగెత్తవచ్చు. పంట్ అయితే చేయి పైకెత్తి ఊపి ‘ఫెయిర్ క్యాచ్’ కోరవచ్చు. అలా కోరితే అతన్ని ఎవరూ తాకకూడదు, అతనూ కదలకూడదు. ఎండ్ జోన్‌లో పడ్డ కిక్‌ఆఫ్‌ను అక్కడే వదిలేయవచ్చు. అది టచ్‌బ్యాక్, నియమం చెప్పిన గీత దగ్గర నుంచి తన జట్టు ఆట మొదలుపెడుతుంది. పంట్ అయితే, పట్టడం ప్రమాదమనిపిస్తే అసలు దాని జోలికే పోకుండా పక్కకు తప్పుకోవచ్చు. ఈ తప్పుకోవడం కూడా ఒక విద్యే. పంట్ చేసిన బంతి రిటర్నర్ వైపు వాళ్ళెవరినీ తాకనంతవరకూ అది వాళ్ళ జట్టుదే. ఒక్కసారి వేలికొసకో మోకాలికో తగిలిందా, ఎవరు పట్టుకుంటే వాళ్ళది. చేతికి తగిలి అదుపులోకి రాకుండా జారితే దాన్ని ‘మఫ్’ అంటారు. చేతికి చిక్కిన తరవాత జారితే ‘ఫంబుల్’.

కబడ్డీ ఎరిగిన మనకు ఈ పని చప్పున అర్థమవుతుంది. ఒక్కడు, ఎదురుగా ఒక జట్టు, రెప్పపాటులో తెగాల్సిన నిర్ణయం. పంట్ రిటర్న్‌లో దానికి క్రికెట్ కూడా కలుస్తుంది. ఆకాశంలోకి లేచిన క్యాచ్ కింద ఫీల్డర్ తలెత్తి నిలబడినప్పుడు మైదానమంతా ఊపిరి బిగబడుతుంది కదా! ఆ ఫీల్డర్ మీదికి ఆ క్షణంలోనే నిండు వేగంతో మనుషులు దూసుకొస్తున్నారనుకోండి. పంట్ రిటర్నర్ నిలబడే చోటు అది.

చేతులూ కళ్ళూ

వేగం ఉంటే చాలనుకోవడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. వేగమున్న కుర్రవాళ్ళు విశ్వవిద్యాలయాల నుంచి ఏటా గంపల కొద్దీ వస్తారు. అనుభవమున్నవాడి దగ్గర జట్టు కొనేది మరొకటి.

మంచి పంట్ నాలుగున్నర సెకన్ల దాకా గాల్లో ఉంటుంది. ఆ నాలుగున్నర సెకన్లలో రిటర్నర్ మొదట బంతి మొనను చదవాలి. మొన కిందికి తిరిగి స్క్రూలా మెలితిరుగుతూ వస్తే బంతి దూరం పోతుంది. మొన తిరగకుండా పల్టీలు కొడితే చివర్లో హఠాత్తుగా కుంగుతుంది. కుడికాలి పంటర్ తన్నిన బంతి ఒకవైపు వంగితే ఎడమకాలివాడిది రెండోవైపు వంగుతుంది. వారమంతా కుడికాలి బంతులతోనే సాధన చేసినవాడికి ఆదివారం ఎడమకాలి బంతి ఎదురైతే, తాను నిలబడ్డ చోటు తప్పని చివరి క్షణంలోగాని తెలియదు. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు జోల్టాన్ మెస్కో, రయన్ అలెన్ వంటి ఎడమకాలి పంటర్లను ఏళ్ళ తరబడి వాడింది. దాని వెనక ఈ లెక్క ఉందని ఆట తెలిసినవాళ్ళు ఒప్పుకుంటారు.

తరవాత గాలి. చికాగో మైదానం సరస్సు ఒడ్డున ఉంది. బఫెలోలో శీతకాలపు గాలికి ఒక దిక్కంటూ ఉండదు. పైన బంతిని చూస్తూనే, కళ్ళను ఒక్క క్షణం కిందికి దించి, ముందుగా దూసుకొచ్చే ఇద్దరు ‘గన్నర్’లు ఎంత దూరంలో ఉన్నారో కొలిచి, మళ్ళీ బంతి మీదికి చూపు తిప్పాలి. ఆ ఒక్క చూపులో పరుగెత్తాలా, చేయి ఎత్తాలా, వదిలేయాలా అన్నది తేలిపోతుంది. దీనికి తోడు ఒక పాత సూత్రం: మడమలు పది గజాల గీత మీద పెట్టుకుని నిలబడు, నీ తల మీదుగా బంతి పోతుంటే వెనక్కి పోకు, ఎండ్ జోన్‌లోకి దొర్లిపోతుందని ఆశించు. చెప్పడానికి తేలిక. బంతి వెంట వెనక్కి అడుగులు వేయాలన్న ఒంటి తొందరను అణచుకోవడం మాత్రం వందల సార్లు చేస్తేనే అబ్బుతుంది.

అందుకే రిటర్నర్‌ను సగటు గజాలతో మాత్రమే తూచడం అన్యాయమని నేననుకుంటాను. ఒకే ఒక్క పొడవైన పరుగు సీజన్ సగటును ఎత్తి చూపిస్తుంది. వదిలేయాల్సిన బంతిని వదిలేసిన ఇరవై సందర్భాలు ఏ పట్టికలోనూ కనబడవు. అనుభవజ్ఞుడి విలువలో సగం జరగకుండా పోయిన నష్టాల్లో ఉంటుంది. జట్టు అధికారులు పాత ఆటల వీడియోలు పెట్టుకుని ఒక్కో బంతినీ చూసేది అందుకే.

ఒక్క నిర్ణయం ఎంత ఖరీదవుతుందో 2009 సెప్టెంబరు 14 రాత్రి బఫెలో బిల్స్ జట్టుకు తెలిసింది. పేట్రియాట్స్ మీద 24-13తో ముందున్న ఆట అది. చివరి నిమిషాల్లో ప్రత్యర్థి బంతిని ఎండ్ జోన్‌లోకి చేర్చి, అంటే ఒక టచ్‌డౌన్ చేసి 24-19కి వచ్చింది. తరవాతి కిక్‌ఆఫ్ ఎండ్ జోన్‌లో పడింది. మోకాలు నేలకు ఆన్చితే చాలు. రెండో ఏడాది ఆటగాడు లియోడిస్ మెకెల్విన్ బయటికి పరుగెత్తాడు. ప్రత్యర్థులు బంతిని చేతుల్లోంచి పీకేశారు. కాసేపటికే పేట్రియాట్స్ 25-24తో గెలిచింది. మెకెల్విన్ ఆ తరవాత చాలా మంచి రిటర్నర్ అయ్యాడు. అనుభవం అనే మాటకు అర్థం అలాంటి రాత్రుల నుంచే వస్తుంది.

కొరత ఎందుకు వస్తుంది

జట్టులో మెరుపు వేగమున్న వాళ్ళు పదిమంది ఉన్నా, వాళ్ళలో రిటర్నర్‌గా నిలబెట్టడానికి వీలున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మొదటి కారణం భయం. అసలు ఆటలో కీలకమైనవాణ్ణి ఈ పనికి పంపి పోగొట్టుకుంటే ఎలా? 1998 ఆగస్టులో న్యూయార్క్ జెయింట్స్ తమ రక్షణ శ్రేణిలోని ప్రధాన కార్నర్‌బ్యాక్ జేసన్ సీహార్న్‌ను ఒక సన్నాహక ఆటలో కిక్‌ఆఫ్ అందుకోవడానికి నిలబెట్టింది. ఆ పరుగులో అతని మోకాలి లిగమెంటు తెగింది, సీజన్ మొత్తం పోయింది. ఆ కథ ఇప్పటికీ కోచ్‌ల నోళ్ళలో నలుగుతుంది.

రెండో కారణం స్థలం. సీజన్‌లో జట్టు జాబితా 53 మందికి పరిమితం. ఆట రోజున బరిలోకి దిగగలిగేవాళ్ళు 48 మందికి మించరు. రిటర్న్ తప్ప మరే పనీ చేయనివాడికి ఒక చోటు కేటాయించడం అంటే ఒక లైన్‌మన్‌నో లైన్‌బ్యాకర్‌నో వదులుకోవడం. కాబట్టి చాలా జట్లు విసిరిన బంతులు అందుకునే రిసీవర్లలో నాలుగోవాడికో, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లలో మూడోవాడికో ఈ పని అప్పగించి, అతనికి ఏమీ కాకూడదని కోరుకుంటాయి.

ఆ కోరిక ఫలించని రోజు ఎలా ఉంటుందో 2012 జనవరి 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో చూశారు. లీగ్ విజేతను తేల్చే సూపర్ బౌల్‌కు దారితీసే ఆట, వాన, బురద. ఫార్టీనైనర్స్ జట్టు రిటర్నర్ టెడ్ గిన్ ఆ సీజన్ మొదటి ఆటలోనే ఒక కిక్‌ఆఫ్‌నూ ఒక పంట్‌నూ టచ్‌డౌన్‌లుగా మలిచినవాడు. మోకాలి గాయంతో ఆ రోజు ఆడలేకపోయాడు. అతని బదులు యువ రిసీవర్ కైల్ విలియమ్స్ నిలబడ్డాడు. నాలుగో పాదంలో దొర్లుతున్న ఒక పంట్ అతని మోకాలికి రాసుకుంది. జెయింట్స్ దాన్ని అందుకుని టచ్‌డౌన్ చేసింది. అదనపు సమయంలో మరో పంట్ పట్టి పరుగెత్తుతుంటే బంతి చేజారింది. జెయింట్స్ బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్ని, అంటే ఫీల్డ్ గోల్ కొట్టి 20-17తో గెలిచింది. ఆ జెయింట్స్ జట్టే ఆ ఏడు సూపర్ బౌల్ నెగ్గింది. విలియమ్స్‌కు బెదిరింపులు కూడా వచ్చాయి. రెండో రిటర్నర్‌గా కాకలు తీరినవాణ్ణి పెట్టుకోని జట్టు భారమంతా ఒక కుర్రవాడి నెత్తిన పడింది. తప్పు అతనొక్కడిదే అనడం నాకు న్యాయంగా తోచదు.

ఎక్కడ వెతుకుతారు

మొదటి తావు ఆగస్టు చివరి వారం. శిక్షణ శిబిరాల్లోని 90 మందిని 53కు కుదించేటప్పుడు వందలాది ఆటగాళ్ళు ఒక్కసారిగా వీధిన పడతారు. వాళ్ళలో ఏడెనిమిదేళ్ళు ఆడినవాళ్ళూ ఉంటారు. నైపుణ్యం తగ్గకపోయినా జీతం ఎక్కువని వాళ్ళను తీసేస్తారు. లీగ్‌లో కనీస జీతం ఆడిన ఏళ్ళను బట్టి పెరుగుతుంది కనుక కొత్తవాడు ఎప్పుడూ చవక. ఇది పాతవాళ్ళకు అన్యాయమవుతుందని ఆటగాళ్ళ సంఘం, లీగ్ కలిసి ఒక వెసులుబాటు పెట్టుకున్నాయి. నాలుగేళ్ళు, అంతకు మించి ఆడినవాణ్ణి ఏడాది ఒప్పందంతో కనీస జీతానికి తీసుకుంటే, అతనికి పూర్తి జీతం ముట్టినా జట్టు జీతాల పరిమితిలో మాత్రం రెండేళ్ళవాడి జీతమే లెక్కకు వస్తుంది. చాలామంది పాత రిటర్నర్ల బతుకు ఈ నిబంధన మీదే నడుస్తుంది.

ఇంకొక లెక్క కూడా ఉంది. నాలుగేళ్ళు నిండిన ఆటగాడు మొదటి వారం ఆట నాటికి జాబితాలో ఉంటే ఆ ఏడాది జీతం మొత్తానికి అతనికి హామీ దొరుకుతుంది. రెండో వారంలో చేరినవాడికి ఆ హామీ లేదు, వారం వారం జీతమే. అందుకే సీజన్ మొదటి ఆదివారం దాటాక అకస్మాత్తుగా పాత పేర్లు వార్తల్లో కనబడతాయి. ఆటగాడి వైపు నుంచి చూస్తే బాధాకరమైన ఏర్పాటే. పెళ్ళాం బిడ్డల్ని ఒక ఊళ్ళో ఉంచి, ఫోను మోగుతుందని ఎదురుచూస్తూ, పక్క బడి మైదానంలో ఒంటరిగా సాధన చేసుకునే ముప్ఫై రెండేళ్ళ మనిషి ఈ లీగ్‌లో అరుదు కాదు.

ఫోను సాధారణంగా సోమవారం రాత్రి మోగుతుంది. మంగళవారం ఆటగాళ్ళకు సెలవు. ఆ రోజు జట్లు బయటివాళ్ళను పిలిపించి పరీక్షిస్తాయి. పిలిచినచోట నలుగురైదుగురు ఉంటారు. వైద్య పరీక్ష, కొన్ని పరుగులు, ఆ పైన యంత్రం విసిరే పంట్‌లు. ఎండలోకి చూస్తూ పట్టాలి. ఒక బంతి చంకలో ఉండగానే ఇంకొకటి పట్టాలి. బంతి చేతికి తగిలే చప్పుడును బట్టే చేతుల మెత్తదనం తెలుస్తుందని పాత కోచ్‌లు నమ్ముతారు. నచ్చినవాడు ఆ సాయంత్రమే సంతకం చేసి ఆదివారం బరిలో ఉంటాడు. జట్టు వ్యూహమంతా నేర్చుకోవాల్సిన పని దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు ఉన్నట్టు రిటర్నర్‌కు లేదు. అడ్డుకట్టలు ఏవైపు వేస్తారో తెలిస్తే, మిగతాది అతని సొత్తే. వారం మధ్యలో తెచ్చుకోవడానికి ఇంత అనువైన ఆటగాడు ఇంకొకడు ఉండడు.

జట్టుకు అనుబంధంగా 16 మందితో ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంటుంది. 2020 నుంచి అందులో కొన్ని చోట్లు ఎన్నేళ్ళు ఆడినవాళ్ళకైనా ఇవ్వవచ్చు. అందులోని ఆటగాణ్ణి ఒక సీజన్‌లో మూడు ఆటలకు తాత్కాలికంగా పైకి తెచ్చుకోవచ్చు కూడా. దీనితో పాత రిటర్నర్‌ను అత్యవసరానికి దాచిపెట్టుకునే దారి తెరుచుకుంది.

ఇతర లీగ్‌లు మరో గని. కెనడా ఫుట్‌బాల్‌లో ఫెయిర్ క్యాచ్ లేదు. బంతి పట్టేవాడికి ఐదు గజాల ఖాళీ ఇస్తారు, పట్టాక పరుగెత్తాల్సిందే. కాబట్టి అక్కడ రిటర్నర్లు అమెరికాలో కంటే ఎక్కువసార్లు పరుగు తీస్తారు. ఎడ్మంటన్ జట్టుకు ఆడిన హెన్రీ విలియమ్స్‌ను ‘గిజ్మో’ అని పిలిచేవారు. ఆయన ఆ లీగ్‌లో 26 పంట్‌లను టచ్‌డౌన్‌లు చేశాడు. 1989లో ఫిలడెల్ఫియా ఈగల్స్ తెచ్చుకుంది గానీ, ఒక్క సీజన్ ఆడి తిరిగి వెళ్ళిపోయాడు. కవాంటే టర్పిన్ కథ ఇంకో తీరు. 2022 వసంతంలో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే మరో లీగ్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచి, జులైలో డల్లాస్ కౌబాయ్స్‌లో చేరాడు. ఆగస్టులో ఒకే సన్నాహక ఆటలో ఒక కిక్‌ఆఫ్‌ను 98 గజాలు, ఒక పంట్‌ను 86 గజాలు మోసుకుపోయి జట్టులో చోటు ఖాయం చేసుకున్నాడు. లీగ్ లెక్కల్లో కొత్తవాడే, పనిలో మాత్రం చేయి తిరిగినవాడు. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఉన్న ఫ్రిస్కోలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అక్కడ పెరుగుతున్న పిల్లలకు టర్పిన్ పేరు పరిచయం చేయనక్కర్లేదు.

దొరికినప్పుడు

మిచిగన్ విశ్వవిద్యాలయానికి ఆడి 1991లో కళాశాల ఆటలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన డెస్మండ్ హోవర్డ్, వృత్తి ఆటలో రిసీవర్‌గా రాణించలేదు. వాషింగ్టన్ వదిలేసింది, జాక్సన్‌విల్ వదిలేసింది. 1996లో గ్రీన్ బే ప్యాకర్స్ తక్కువ జీతానికి తీసుకుంది. ఆ ఆగస్టులో అతను జట్టులో మిగులుతాడో లేదో ఎవరికీ తెలియదు. మిగిలాడు. ఆ సీజన్‌లో పంట్ రిటర్న్‌లలో 875 గజాలు పరుగెత్తి రికార్డు నెలకొల్పాడు. 1997 జనవరి 26న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన 31వ సూపర్ బౌల్‌లో పేట్రియాట్స్ పుంజుకుని 27-21కి వచ్చింది. వెంటనే వచ్చిన కిక్‌ఆఫ్‌ను హోవర్డ్ 99 గజాలు మోసుకుపోయాడు. ప్యాకర్స్ 35-21తో గెలిచింది. సూపర్ బౌల్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం స్పెషల్ టీమ్స్ ఆటకు, అంటే తన్నే బంతుల ఆటకు, దక్కింది ఆ ఒక్కసారే. మరుసటి నెలల్లోనే ఓక్లండ్ రైడర్స్ అతన్ని పెద్ద జీతమిచ్చి తీసుకుపోయింది. చవకగా దొరికిన రిటర్నర్ చవకగా మిగలడు.

బ్రయాన్ మిచెల్ విషయంలో వదులుకున్నవాళ్ళ కథ ఎక్కువ చెబుతుంది. కళాశాలలో క్వార్టర్‌బ్యాక్. 1990లో కొత్త ఆటగాళ్ళను పంచుకునే డ్రాఫ్ట్ ఐదో రౌండ్‌లో వాషింగ్టన్ ఎంచుకుంది. పదేళ్ళు కిక్‌ఆఫ్‌లూ పంట్‌లూ అతనే అందుకున్నాడు. 2000లో పేరుమోసిన ఆటగాడు డియాన్ సాండర్స్‌ను తెచ్చుకుని మిచెల్‌ను పంపేసింది. అతనికి అప్పటికి 31 ఏళ్ళు. అదే డివిజన్‌లోని ఈగల్స్ వెంటనే చేరదీసింది. ఆ ఏడాదే అతను ఒక కిక్‌ఆఫ్‌నూ ఒక పంట్‌నూ టచ్‌డౌన్‌లు చేశాడు. చివరి ఏడాది జెయింట్స్‌కు ఆడి, 2003తో విరమించేనాటికి కిక్‌ఆఫ్ రిటర్న్‌లలో 14,014 గజాలు, పంట్ రిటర్న్‌లలో 4,999 గజాలు అతని ఖాతాలో ఉన్నాయి. మొత్తం రిటర్న్ గజాల్లో అతన్ని ఇంతవరకూ ఎవరూ దాటలేదు. హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు అతనికి ఇంకా తెరుచుకోలేదు. నా దృష్టిలో అది దిద్దుకోవాల్సిన పొరపాటు.

జకోబీ జోన్స్ కథ చెప్పకుండా ఈ వ్యాసం పూర్తికాదు. 2012 జనవరిలో బాల్టిమోర్‌లో జరిగిన ప్లేఆఫ్ ఆటలో హ్యూస్టన్ టెక్సన్స్ రిటర్నర్‌గా అతను ఒక పంట్‌ను పట్టబోయి జారవిడిచాడు. బంతి బాల్టిమోర్ రేవెన్స్ చేతికి టెక్సన్స్ గోల్ గీతకు అడుగుల దూరంలో చిక్కింది. టెక్సన్స్ 20-13తో ఓడింది. మే నెలలో అతన్ని తీసేసింది. కొద్ది రోజుల్లోనే పిలిచింది ఎవరు? ఆ పొరపాటుతో లాభపడ్డ రేవెన్సే. ఒక్క జారిన బంతి చూసి మనిషిని తేల్చేయకుండా ఐదేళ్ళ ఆటను చూసిన జట్టు అది. ఆ అక్టోబరులో డల్లాస్ మీద అతను 108 గజాల కిక్‌ఆఫ్ రిటర్న్ చేశాడు. నవంబరులో ఓక్లండ్ మీద 105 గజాలది ఒకటి, పిట్స్‌బర్గ్ మీద ఒక పంట్ రిటర్న్ టచ్‌డౌన్. 2013 ఫిబ్రవరి 3న, తాను పుట్టిపెరిగిన న్యూ ఆర్లీన్స్‌లోనే, 47వ సూపర్ బౌల్ రెండో సగాన్ని 108 గజాల పరుగుతో తెరిచాడు. రేవెన్స్ 34-31తో గెలిచింది. ఆ పరుగు లేకపోతే ఆ మూడు పాయింట్ల ఆధిక్యం ఎక్కడిది? జోన్స్ 2024 జులైలో, 40వ ఏట, అదే ఊళ్ళో కన్నుమూశాడు.

సీజన్ మధ్యలో చేసుకున్న బేరాల్లో బఫెలో బిల్స్ 2022 నవంబరు 1న చేసింది గుర్తుండిపోతుంది. బదిలీల గడువు రోజున ఇండియానాపొలిస్ నుంచి నైహీమ్ హైన్స్‌ను తెచ్చుకుంది. 2019లో ఒకే ఆటలో రెండు పంట్‌లను టచ్‌డౌన్‌లు చేసినవాడు. రెండు నెలల తరవాత, 2023 జనవరి 2న, సిన్సినాటిలో బిల్స్ ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలోనే కుప్పకూలాడు. ప్రాణం నిలిచింది, ఆస్పత్రిలో ఉన్నాడు. ఆరు రోజుల తరవాత సొంత మైదానంలో పేట్రియాట్స్‌తో ఆట. మొదటి కిక్‌ఆఫ్‌నే హైన్స్ 96 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఏడుస్తున్న జనం మధ్య జరిగిన పరుగు అది. మూడో పాదంలో మళ్ళీ 101 గజాలు. బిల్స్ 35-23తో గెలిచింది. గడువు రోజున ఆ బేరం ఒక చిన్న వార్త మాత్రమే.

అన్నీ ఇలా ముగియవు. ఈ కళలో అందరికంటే గొప్పవాడు డెవిన్ హెస్టర్. చికాగో బేర్స్ తరఫున 41వ సూపర్ బౌల్ తొలి కిక్‌ఆఫ్‌ను 92 గజాల టచ్‌డౌన్ చేశాడు. మొత్తం 20 రిటర్న్ టచ్‌డౌన్‌లు చేసి, ప్రధానంగా రిటర్నర్‌గానే 2024లో హాల్ ఆఫ్ ఫేమ్ చేరిన మొదటివాడయ్యాడు. 2016 డిసెంబరులో, 34 ఏళ్ళ వయసులో, రేవెన్స్ అతన్ని తీసేసింది. అదే నెలలో సియాటిల్ సీహాక్స్ రిటర్నర్ టైలర్ లాకెట్ కాలు విరిగింది. ప్లేఆఫ్‌ల కోసం సియాటిల్ హెస్టర్‌ను పిలిచింది. అట్లాంటాలో జరిగిన ఆటలో అతను ఒక పంట్‌ను మైదానం పొడవునా మోసుకుపోయాడు. సహచరుడు ప్రత్యర్థిని పట్టుకున్నాడని రెఫరీ జెండా విసిరాడు. ఆ పరుగు కొట్టివేశారు. సియాటిల్ ఓడింది. అదే హెస్టర్ చివరి ఆట. సంతకం సరైనదే, పరుగూ సరైనదే. పదకొండు మందిలో ఒక్కడి చేయి నిలవలేదు.

వయసు

ముప్ఫై దాటితే రిటర్నర్ పని అయిపోయిందని ఒక నమ్మకం. మెల్ గ్రే దాన్ని 1994లోనే తిప్పికొట్టాడు. 33 ఏళ్ళ వయసులో డెట్రాయిట్ లయన్స్‌కు ఆడుతూ మూడు కిక్‌ఆఫ్‌లను టచ్‌డౌన్‌లు చేశాడు. ఆండ్రే రాబర్ట్స్ తొమ్మిది జట్లకు ఆడాడు, రిటర్నర్‌గా మెరిసింది ముప్ఫై ఏళ్ళ తరవాతే. 2018, 2019, 2020లలో వరుసగా లీగ్‌లోని మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. 2021 అక్టోబరులో హ్యూస్టన్ తీసేస్తే లాస్ ఏంజెలెస్ ఛార్జర్స్ చేర్చుకుంది. 2022 జనవరి 2న, 34వ పుట్టినరోజుకు వారం ముందు, డెన్వర్ మీద 101 గజాల కిక్‌ఆఫ్ రిటర్న్ చేశాడు. వయసుతో ముందుగా తగ్గేది నేరుగా పరుగెత్తే వేగం కాదు, పక్కకు కోసుకుపోయే చురుకు. కాబట్టి పంట్‌లకు కష్టమైనవాడు కూడా కిక్‌ఆఫ్‌లకు ఇంకో రెండు మూడేళ్ళు పనికొస్తాడు.

నియమాలతో మారిన విలువ

రిటర్నర్ ధరను నిర్ణయించేది చివరికి నియమావళి. 1994లో కిక్‌ఆఫ్ స్థానాన్ని, తన్నే జట్టు గోల్ గీత నుంచి కొలిచే 35 గజాల గీత నుంచి, 30కి వెనక్కి జరిపారు, బంతులు పొట్టిగా పడ్డాయి, రిటర్నర్లకు పండగైంది. 2011లో తలకు తగిలే దెబ్బల భయంతో తిరిగి 35కు తెచ్చారు. అప్పటిదాకా ఆరు కిక్‌ఆఫ్‌లకు ఒకటి టచ్‌బ్యాక్ అయ్యేది, ఆ ఏడాది పదింట నాలుగుకు పైగా అయ్యాయి. 2016లో టచ్‌బ్యాక్ ఇస్తే బంతిని 25 గజాల గీత దగ్గర పెట్టడం మొదలైంది. 2018లో తన్నే జట్టు పరుగుతో మొదలవడాన్ని నిషేధించారు. 2023కు వచ్చేసరికి పరుగు తీసినవి ఐదింట ఒకటికి కాస్త ఎక్కువ. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో 13 కిక్‌ఆఫ్‌లలో ఒక్కటీ రిటర్న్ కాలేదు. కిక్‌ఆఫ్ రిటర్నర్ అనే పదవే అంతరిస్తుందేమో అనిపించింది.

2024 మార్చిలో లీగ్ కిక్‌ఆఫ్‌ను తిరగరాసింది. నమూనా ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే మరో లీగ్‌ది. తన్నేవాడు తన 35 దగ్గరే ఉంటాడు. మిగతా పదిమంది అవతలి జట్టు 40 గజాల గీత మీద, వాళ్ళకు ఎదురుగా ఐదు గజాల దూరంలో అడ్డుకునేవాళ్ళు. గోల్ గీతకూ 20 గజాల గీతకూ మధ్య పడ్డ బంతిని అందుకుని ఆడాల్సిందే. బంతి నేలనో ఆటగాణ్ణో తాకేదాకా కిక్కర్, రిటర్నర్లు తప్ప ఎవరూ కదలకూడదు. దూరం నుంచి పరుగున వచ్చి ఢీకొనడం పోయింది, పరుగు మిగిలింది. ఆ నియమం ఆమోదం పొందిన వారంలోనే పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కార్డరెల్ ప్యాటర్సన్‌తో రెండేళ్ళ ఒప్పందం చేసుకుంది. తొమ్మిది కిక్‌ఆఫ్‌లను టచ్‌డౌన్‌లు చేసి ఆ రికార్డును ఒంటరిగా సొంతం చేసుకున్నవాడు, అప్పటికి 33 ఏళ్ళు. అనుభవజ్ఞుడి వేట ఒక్క ఓటుతో మళ్ళీ మొదలైందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ చీలమండ గాయాలు అతన్ని ఆడనివ్వలేదు. రెండో సీజన్ మొదలవకముందే జట్టు వదిలేసింది.

ఆ ఏడాది టచ్‌బ్యాక్ బంతిని 30 దగ్గర పెట్టారు. రిటర్న్‌లు మూడింట ఒకటికి పెరిగాయి. 2025లో దాన్ని 35కు జరిపారు. అంత దూరం ఊరికే ఇవ్వడం కన్నా ఆడించడమే మేలని జట్లు బంతిని పొట్టిగా, నేలబారుగా, మొనతిరిగి అడ్డదిడ్డంగా ఎగిరేలా తన్నడం మొదలుపెట్టాయి. అలాంటి బంతి రెండు గెంతులు వేసేలోపు అది ఎటు తిరుగుతుందో పసిగట్టాలి, వెనక నిలబడ్డ రెండో రిటర్నర్‌కు కేక వేసి ఎవరు పట్టాలో తేల్చాలి. ఇప్పుడు జట్లు కిక్‌ఆఫ్‌కు ఇద్దరిని నిలబెడుతున్నాయి. కాబట్టి మంగళవారం పరీక్షలకు పిలిచే పేర్ల జాబితా కూడా పొడుగవుతోంది.